గట్టిమేళంతో ఆగిన ఆట

మాస్టారు పోయారన్న కబురు తెలిసిన సాయంత్రం నా పాత నోటు పుస్తకం తీసి, తొమ్మిదేళ్లలో మా ఫుట్‌బాల్ జట్టు పోగొట్టుకున్నవన్నీ ఒకచోట రాసుకున్నాను. చివరిదాకా ఆడినవి డెబ్భై ఒక్క ఆటలు. అందులో ఓడినవి నలభై నాలుగు. సమంగా ముగిసినవి పదిహేను. గెలిచిన పన్నెండూ ఈ లెక్కలోకి రావు కాబట్టి పక్కన పెట్టాను. తిన్న గోల్స్ నూట ముప్పై తొమ్మిది. కాలవలో కొట్టుకుపోయిన బంతులు ఐదు, లారీ చక్రం కింద పడ్డది ఒకటి. ఉద్యోగాల కోసమో పెళ్లయ్యో ఊరు మారిపోయిన ఆటగాళ్లు తొమ్మిది మంది. వాళ్లతో పాటు పోయిన చొక్కాలు పది. ఒక గోల్‌కీపర్ రెండు పట్టుకుపోయాడు. ఎప్పుడూ గోల్ వెనకే నిలబడి ఆట చూసే అలవాటు వల్ల ఆయన సొంతంగా పోగొట్టుకున్నవి కళ్లజోళ్లు మూడు, ముందు పన్ను ఒకటి.

ఇన్ని పోగొట్టుకున్న మనిషి ముఖం వేలాడేసుకోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఓడిపోయి తెనాలి తిరిగొస్తూ రైల్లో వేరుశెనక్కాయలు కొని అందరికీ పంచేవారు. కుట్టు సరిగా పడలేదు, అంతే, విప్పి మళ్లీ కుడదాం అనేవారు. నలభై నాలుగు సార్లూ అదే మాట.

ఆయన దర్జీ. మా తెనాలిలో కాలవ గట్టున చిన్న షాపు. బ్యాండు మేళం వాళ్ల దుస్తులు కుట్టడంలో ఆయనకి పేరు. ఎర్రని కోటు, భుజాల మీద బంగారు రంగు తాళ్లు, ఛాతీ మీద రెండు వరసల గుండీలు. రేపల్లె, బాపట్ల బ్యాండ్ల వాళ్లు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. అందరూ మాస్టారు అనే పిలిచేవాళ్లు. నేనూ అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చొక్కా కుట్టించుకోడానికి వెళ్లాను. నేను రైసుమిల్లులో కాటా దగ్గర ఉంటాను. ఏడో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, అంకె కనబడితే ఊరుకోలేను. ఆయన బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి తనలో తాను లెక్కపెట్టుకుంటున్నారు. పదకొండు చొక్కాలు, చొక్కాకి ఒకటి ముప్పావు మీటరు, మొత్తం ఇరవై రెండు అని పైకే అన్నారు. పందొమ్మిదింపావు అండి అన్నాను. ఆయన టేపు మెళ్లో వేసుకుని, చాక్‌పీసుతో బల్ల మీదే వేసి చూసుకున్నారు. తర్వాత నన్ను తలనుంచి కాళ్లదాకా చూశారు, కొలత కోసం కాదు.

"ఆదివారం సాయంత్రాలు నీకు పనేంటయ్యా?"

ఏమీ లేదన్నాను. ఆ వారం నుంచి నేను తెనాలి ఫుట్‌బాల్ జట్టుకి టైం చూసేవాణ్ణి, లెక్క రాసేవాణ్ణి అయ్యాను. మిగిలిన రెండు ముప్పావు మీటర్ల గుడ్డతో ఆయన మైదానం మూలల్లో పాతే జెండాలు నాలుగు కుట్టారు.

మా జట్టు చొక్కాల గురించి చెప్పాలి. బ్యాండు కోట్లకి తెచ్చిన గుడ్డలో మిగిలిందే వాటికీ. ఎరుపు సరే, భుజాల మీద బంగారు తాళ్లు కూడా ఉండేవి. అవి లేకపోతే చొక్కా బోసిగా ఉంటుందని ఆయన బాధ. మొదటిసారి బాపట్ల వెళ్లినప్పుడు, మా వాళ్లు వరసగా మైదానంలోకి వస్తుంటే అక్కడివాళ్లు మేళం వచ్చిందనుకుని దారిచ్చారు. రెండు ఉతుకుల తర్వాత రంగు దిగి గులాబీ అయ్యేది. అప్పుడు కూడా ఆయన, ఎండలో కళ్లకి చల్లగా ఉంటుందిలే అనేవారు.

ఇంకో విచిత్రం వెనకాల అంకెలు. ఏ జట్టులోనైనా ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా వేస్తారు. ఆయన అలా వెయ్యలేదు. ఎవడి ఛాతీ ఎన్ని అంగుళాలో ఆ అంకె వాడి వీపు మీద కుట్టారు. దండెం మీద చొక్కాలన్నీ ఆరేస్తే ఏది ఎవడికి పడుతుందో చూడగానే తెలుస్తుందని ఆయన వాదన. దాంతో మా జట్టులో ముప్పై ఆరు ఇద్దరు, ముప్పై నాలుగు ముగ్గురు ఉండేవాళ్లు. గోల్ ఎవరు కొట్టారో రాయడానికి నా ప్రాణం పోయేది.

"ఒకే అంకె ముగ్గురికి ఉంటే లెక్క ఎలా రాయాలండి?"

"ముగ్గురి ఛాతీ ఒకటే అయితే నేనేం చేస్తానయ్యా? కొలత కొలతే."

నేను వారం రోజులు పోరాక ఒక మెట్టు దిగారు. ముగ్గురినీ షాపుకి పిలిచి మళ్లీ టేపు వేశారు. ఒకడికి అర అంగుళం ఎక్కువ తేలింది. పక్క సైకిల్ షాపులో పనిచేసే ఇరవై ఏళ్ల కుర్రాడు, ఎడమకాలితో ఆడేవాడు. వాడి వీపు మీద ముప్పై నాలుగున్నర అని కుట్టారు. ఆ రోజు నుంచి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లలోనూ వాడి పేరు అదే. రిఫరీలు కూడా ముప్పై నాలుగున్నర ఇటు రా అనేవాళ్లు.

టీవీలో విదేశీ ఆటలు మళ్లీ వేసేది మధ్యాహ్నం పూట. ఎదురుగా ఉన్న కూల్‌డ్రింక్ షాపులో కూర్చుని చూసేవాళ్లం. ఆయన బంతిని చూడరు. చంక కింద కుట్టు లేదే, చెయ్యి ఎలా లేపుతున్నాడు అని చూస్తారు. మెడ దగ్గర పట్టీ బాగుంటే, ఆ జట్టు గెలవాలని అప్పటికప్పుడు నిర్ణయించుకుంటారు. ఒక ఆటగాడు ఎర్రచొక్కా జట్టు వదిలి తెల్లచొక్కా జట్టుకి వెళ్లాడని పేపరు చివరి పేజీలో పడితే రెండు రోజులు నొచ్చుకున్నారు. ఆ రంగు వాడికి నప్పదట. వాడి కోసం ఇచ్చిన డబ్బుకి మనవైపు వడ్లు కొంటే ఎన్ని లారీలవుతాయో కట్టమన్నారు. మిల్లు ధర నాకు తెలుసు కాబట్టి కట్టాను. నలభై వేల లారీలు. లారీకి ఇరవై అయిదు అడుగుల చొప్పున ఒకదాని వెనక ఒకటి నిలబెడితే పది లక్షల అడుగులు, అంటే తెనాలిలో మొదలుపెడితే హైదరాబాదు చేరతాయి.

"అంత వరసలో వాడికి మనసుకి నచ్చిన లారీ ఒక్కటన్నా ఉంటుందంటావా?" అని అడిగారు మాస్టారు.

మా మూడు ఊళ్ల మధ్య ఆటగాళ్లు మారే పద్ధతి వేరు. దానికి కాగితాలు లేవు గాని కట్టుబాటు గట్టిది. ఆటగాడు ఒక ఊరు వదిలి ఇంకో ఊళ్లో స్థిరపడితే కొత్త ఊరి జట్టుకి ఆడొచ్చు. బదులుగా ఆ జట్టు పాత జట్టుకి కొత్త బంతి ఒకటి, పదకొండు చొక్కాల గుడ్డ ఇవ్వాలి. అది కాక, ఏడాది తిరక్కుండా తన మైదానంలో పాత జట్టుతో ఒక ఆట ఆడాలి. దాన్ని పిలుపు ఆట అంటారు. అందులో పాత జట్టు గెలిస్తే ఆటగాడు ఎక్కడున్నా ఆదివారం ఆదివారం వచ్చి పాత ఊరికే ఆడాలి. ఓడినా సమమైనా కొత్త ఊరివాడే. ఆ ఆటలో మాత్రం వాడు ఎవరి పక్షానా ఆడకూడదు. మైదానం సగం గీత దగ్గర వాడికి కుర్చీ వేస్తారు. కొత్త ఊరివాళ్లు తెల్లచొక్కా తొడిగి, మెళ్లో బంతిపూల దండ వేసి కూర్చోబెడతారు. వాడు లేవకుండా ఆట చూడాలి.

ఇంకో కట్టుబాటు మేళానిది. ఏ జట్టు మేళాన్ని ఆ జట్టు తెచ్చుకుంటుంది. ఆటకి రానివాళ్లు కూడా మేళం వినడానికి వస్తారు, ఆ సందట్లో రిఫరీ విజిల్ నాలుగు అడుగుల అవతల వినపడదు. అందుకని ఆట అయిపోయిందని చెప్పేది విజిల్ కాదు. రిఫరీ సైగ చెయ్యగానే గెలిచిన జట్టు మేళం ఒక్కసారిగా ఎత్తుకుంటుంది. అది విన్నాకే జనం మైదానంలోకి దిగుతారు. మాస్టారుకి ఈ పద్ధతంటే ప్రాణం. కార్నర్ కిక్కుకి డ్రమ్ము ఎలా మోగాలో, గోల్ తిన్నప్పుడు క్లారినెట్టు ఏ స్థాయిలో ఉండాలో బ్యాండు వాళ్లకి కుర్చీలు వేయించి చెప్పేవారు. గోల్ తిన్నప్పుడు మేళం ఆగితే మాత్రం ఊరుకునేవారు కాదు. బంతి గోల్లో పడితే మీ గొంతులో పడిందా ఏంటి అని అడిగేవారు.

నిజాంపట్నం పోయే దారిలో, రేపల్లె దగ్గర పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ముప్పై నాలుగున్నరకి పని దొరికింది. సైకిల్ షాపులో వచ్చేదానికి మూడింతలు. వాడొచ్చి చెప్పినప్పుడు మాస్టారు కత్తెర కింద పెట్టి, మంచిదిరా అన్నారు. రేపల్లె జట్టు పెద్ద, సోడా షాపు ఆయన, కట్టుబాటు ప్రకారం బంతీ గుడ్డా పంపించాడు. ఆ గుడ్డని మాస్టారు కొయ్యలేదు. అటక మీద పెట్టేశారు. పిలుపు ఆట ఎప్పుడని మాత్రం రోజూ నన్ను అడిగేవారు, తేదీ నా దగ్గర ఉన్నట్టు.

ఆయనకి కావలసింది రెండు. ఆ కుర్రాడు ఆదివారాలు తెనాలి రావాలి. రేపల్లె మైదానంలో ఒక్కసారి గెలవాలి. అంతకుముందు అక్కడ ఆడినవి ఎనిమిది, ఓడినవి ఆరు, సమం రెండు. ఈ ఒక్క ఆటతో రెండూ తేలిపోతాయి.

వేసవిలో ఆదివారం చూసి పెట్టారు. అది పెద్ద ముహూర్తాల రోజు. మా బ్యాండు వాళ్లందరికీ సాయంత్రం ఊరేగింపులున్నాయి, ఎవరూ రామన్నారు. మేళం లేకుండా రేపల్లె వెళ్లడం ఆయన వల్ల కాలేదు. భట్టిప్రోలులో పొద్దుటి పెళ్లికి వచ్చిన సన్నాయి మేళం మధ్యాహ్నానికి ఖాళీ అవుతుందని విని, వాళ్లని బతిమాలారు. మేం రేపల్లె వెళ్లే పాసింజరు భట్టిప్రోలులో ఆగినప్పుడు సన్నాయిలు ఇద్దరు, శ్రుతి ఒకడు, డోలు తాత ఎక్కారు. పెళ్లి భోజనం చేసి తిన్నగా వచ్చారు. తాత నుదుటి మీద గంధం ఇంకా ఆరలేదు. రైలు కదిలేసరికే కునుకు తీస్తున్నాడు.

ఆట నాలుగింటికి మొదలైంది. ముప్పై అయిదు నిమిషాల చొప్పున రెండు భాగాలు. బాపట్ల డ్రిల్లు మాస్టారు రిఫరీ. కొత్త చొక్కాలో, దండతో, ముప్పై నాలుగున్నర కుర్చీలో కూర్చుని ఎటు చూడాలో తెలియక తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. మొదటి భాగం చివర్లో మా ముప్పై ఆరుల్లో ఒకడు తలతో గోల్ కొట్టాడు. మాస్టారు రేపల్లె గోల్ వెనక ఉన్నారు, వల తన ముఖానికి తగిలేంత దగ్గరగా. గంతులెయ్యలేదు. టేపు తీసి మెడకి అటు నుంచి ఇటు మార్చుకున్నారు, అంతే.

రెండో భాగంలో రేపల్లె మమ్మల్ని ఊపిరాడనివ్వలేదు. ఇరవై మూడు నిమిషాలు దాటాక మా గోల్‌కీపర్ బంతిని పట్టుకుని మరీ ఎక్కువసేపు ఆలస్యం చేశాడు. రిఫరీ తప్పు పట్టాడు. మా గోలుకి పది గజాల్లో రేపల్లెకి కిక్కు. నేరుగా గోలు కొట్టకూడని కిక్కు అది, ఇంకొకడు తాకాకే కొట్టాలి. అలాంటప్పుడు రిఫరీ ఒక చెయ్యి తలపైకెత్తి, రెండోవాడు బంతి తాకేదాకా దించకూడదు. డ్రిల్లు మాస్టారు సగం గీతకి కాస్త ఇవతల, సరిగ్గా ముప్పై నాలుగున్నర కుర్చీకి ఎదురుగా నిలబడి, చెయ్యెత్తారు.

అప్పటిదాకా సన్నాయి వాళ్లు మెల్లిగా ఏదో వాయిస్తున్నారు. డోలు తాత చెట్టుకానుకుని నిద్రపోతున్నాడు. కిక్కు అనగానే జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ కదలికకి తాత కళ్లు తెరిచాడు. ఎదురుగా కొత్త చొక్కాలో, మెళ్లో దండతో కుర్రాడు. చుట్టూ నిలబడ్డ జనం. మధ్యలో ఒక పెద్దమనిషి చెయ్యి పైకెత్తి ఉన్నాడు. తాత చేతులు తాతని అడగలేదు. డోలు గట్టిమేళం ఎత్తుకుంది. అది వినగానే సన్నాయిలు రెండూ పైస్థాయికి లేచాయి.

జనంలో పది పన్నెండు మంది, చేతిలో ఉన్న వేరుశెనగ గింజలు ముప్పై నాలుగున్నర మీద వేశారు. ఎందుకు వేశారని తర్వాత అడిగితే వాళ్లకే తెలియదు. వచ్చింది తెనాలి మేళం కాబట్టి తెనాలి గెలిచిందని, ఆట అయిపోయిందని మైదానం నిండా దిగారు. మా వాళ్లు తలో ఆటగాణ్ణి భుజాల మీదకెత్తారు. రేపల్లె వాళ్లు, పెద్దమనుషుల్లా, వల విప్పడం మొదలుపెట్టారు. రిఫరీ మధ్యలో చెయ్యి దించకుండా విజిల్ ఊదుతూనే ఉన్నారు. అది ఎవరికి వినపడాలి? ఉన్నది ఒకటే బంతి. అది ఎవరి చేతుల్లోనో ఊరు చేరింది. మర్నాడు సోడా షాపు వెనక దొరికిందట.

జనాన్ని సర్దేసరికి మా బండి టైమైంది. రిఫరీ ఇద్దరు పెద్దల్నీ, నన్నూ పిలిచారు. ఆట ముగియలేదని, మళ్లీ కలిసినప్పుడు అదే కిక్కు నుంచి మొదలుపెట్టి మిగిలింది ఆడాలని చెప్పారు. అప్పటిదాకా ముప్పై నాలుగున్నర రేపల్లెలోనే ఉంటాడు గాని, తెనాలి మీద ఆడకూడదు, కుర్చీలోనే కూర్చోవాలి.

"ఇంకెంత ఉంది?" అని రిఫరీ నన్ను అడిగారు.

నా గడియారం ప్రకారం పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ఆయన గడియారంలో సెకన్ల ముల్లు లేదు, ఆయన పదకొండు అన్నారు. సోడా షాపు ఆయన పదకొండు పట్టుకున్నాడు. మా మాస్టారు నలభై సెకన్ల దగ్గర ఆగిపోయారు. అది తప్పిస్తే ఒప్పుకోనన్నారు. ఆ మాట తేలకుండానే రైలెక్కాం.

బండిలో డోలు తాత తలుపు దగ్గర, డోలు ఒళ్లో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడు. కుర్రాళ్లు అతన్ని ఏమంటారోనని నాకు భయంగా ఉంది. మాస్టారు వెళ్లి పక్కన కూర్చున్నారు.

"మెళ్లో దండ, కొత్త చొక్కా, కుర్చీ. ఎదురుగా ఒకాయన చెయ్యెత్తాడు. ఇంకేం అనుకోవాలి బాబూ?" అన్నాడు తాత.

"తప్పేం లేదు తాతా. చెయ్యెత్తాక కొట్టకపోతేనే తప్పు."

భట్టిప్రోలు వచ్చాక డోలు తనే దింపి, ఫ్లాట్‌ఫారం మీద తాత భుజానికి తగిలించారు. బండి కదిలాక వేరుశెనక్కాయల పొట్లాలు వచ్చాయి. కుట్టు గురించిన మాట మాత్రం ఆ రోజు అనలేదు. ఎందుకంటే మేం ఓడిపోలేదు.

ఆ తర్వాతి సంగతి అర్థం చేసుకోడానికి నాకు చాలాకాలం పట్టింది. రేపల్లె నుంచి కబురొచ్చేది, ఈ ఆదివారం రండి, ఆ పదకొండు నిమిషాలూ ఆడేద్దాం అని. మాస్టారు పెళ్లిళ్ల సీజను అనేవారు. తర్వాత వానలు. తర్వాత చొక్కాలు గులాబీ అయిపోయాయి, కొత్తవి కుట్టాలి. ఒకసారి నా గడియారం రిపేరుకిచ్చామని నాతోనే ఫోను చేయించారు. గడియారం నా చేతికే ఉంది. సెల్‌ఫోన్లు వచ్చాక సోడా షాపు ఆయన ప్రతి శనివారం ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. మాస్టారు తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవారు. ఇద్దరి మధ్య ఆ వారానికి మాటలైపోయినట్టే.

మామూలు ఆటలు మాత్రం సాగుతూనే ఉన్నాయి. మేం రేపల్లె వెళ్లినా, వాళ్లు మా ఊరొచ్చినా, ముప్పై నాలుగున్నర కుర్చీలో కూర్చునేవాడు. విరామంలో తిన్నగా మాస్టారు దగ్గరికొచ్చి పక్కన నిలబడేవాడు. వాడికి పెళ్లి కుదిరితే సూటు ఈయనే కుట్టారు, భుజాల మీద తాళ్లు లేకుండా చూడమని వాడు నా ద్వారా చెప్పించాడు. ఆ పెళ్లికి మాత్రం డోలు తాతే రావాలని మాస్టారు పట్టుబట్టారు.

ఒక మధ్యాహ్నం షాపులో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను.

"ఆడి గెలిస్తే వాడొస్తాడు కదా మాస్టారూ. ఎందుకండి దాటేస్తున్నారు?"

"కిక్కు ఎక్కణ్ణించి మొదలెట్టాలి?"

"మన గోలుకి పది గజాల్లో."

"ఎవరిది?"

"వాళ్లదే."

"అది గోలవుతుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు వాడు పూర్తిగా వాళ్లవాడు. పోనీ గెలిచాం అనుకో. పెళ్లాన్నీ పిల్లనీ వదిలి ప్రతి ఆదివారం వాడు రైలెక్కాలి. వాడికి కష్టం, వాళ్లకి బాధ. ఇప్పుడు చూడు, ఎవరికీ బాధ లేదు. ఇన్నేళ్లుగా రేపల్లెలో మనం గెలుస్తూనే ఉన్నాం. ఆడితే ఆగిపోతుందయ్యా."

కాసేపటికి కత్తెర ఆపి, "పైగా మన మీద గోలు కొట్టట్లేదు కదా," అని నవ్వారు. అది నిజమే. వాడు రేపల్లెకి ఆడిన ఆటల్లో సగటున ఆటకి ఒక గోలు కొట్టాడు. మా మీద కుర్చీలో కూర్చున్నవి పదకొండు ఆటలు. నేను కట్టి చూపిస్తే ఆయన చాలా సంతోషించారు. నూట ముప్పై తొమ్మిదికి ఇంకో పదకొండు కలవకుండా ఆపిన కిక్కు అది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఏటా ఒక పంచె డోలు తాతకి పంపేవారు.

పోయే ముందు నెల రోజులు ఆయన షాపుకి రాలేదు. నేను ఇంటికెళ్లి ఆదివారం ఆటల ఫలితాలు చదివేవాణ్ణి. ఓడినవి కూడా అదే ముఖంతో విన్నారు. ఒకసారి మాత్రం ఆయన భార్య, మేం అక్కయ్యగారంటాం, కాఫీ ఇస్తూ, రేపల్లె లెక్క ఏమైందని నన్నడిగింది. జవాబు ఆయనే చెప్పారు.

"ఇంకా మనమే ముందున్నామే."

పదకొండో రోజు భోజనాలయ్యాక రేపల్లె నుంచి ఇద్దరొచ్చారు. సోడా షాపు ఆయన, బాగా ముసలివాడయ్యాడు. అతని చెయ్యి పట్టుకుని ముప్పై నాలుగున్నర. వాడికిప్పుడు సొంతంగా ఇంజన్ల షెడ్డు ఉంది. అక్కయ్యగారితో మాట్లాడి, బయట అరుగు మీద నా పక్కన కూర్చున్నారు.

ముప్పై నాలుగున్నర చాలాసేపు చేతులు నలుపుకుని మొదలుపెట్టాడు. మాస్టారి పేరు చెప్పుకుని ఆ మిగిలింది ఆడేద్దామన్నాడు. రేపల్లె కుర్రాళ్లతో మాట్లాడాడట. ఆ కిక్కు పక్కకి కొట్టేస్తారు. ఆ తర్వాత ఎవరూ గట్టిగా ఆడరు. మాస్టారు రేపల్లెలో గెలిచినట్టవుతుంది. తనూ లెక్క ప్రకారం తెనాలివాడైపోతాడు.

టైం చూసినవాణ్ణి నేను, ఇక చెప్పాల్సింది నేనే. గెలుపు చేతికందేంత దగ్గరగా ఉంది, కాదనడానికి మనసు రాలేదు. తొమ్మిదేళ్లు ఆయనకి కావలసింది అదే కదా అని ఒక పక్కన ఉంది.

"ఆయనుండగా అడిగితే ఏమనేవారురా?" అన్నాను.

వాడు తల దించుకుని నవ్వాడు. "మీ గడియారం రిపేరులో ఉందనేవారు బాబాయ్."

"ఉంది," అన్నాను నేను.

సోడా షాపు ఆయన నా చేతికున్న గడియారం కేసి చూశాడు. అది ఆడుతూనే ఉంది. చూసి కూడా, అవును రిపేరులోనే ఉన్నట్టుంది అన్నాడు. కర్ర పట్టుకుని లేచాడు. మెట్టు దిగబోయి ఆగాడు.

"బాకీ మా మీదే ఉందని రాసుకోండి. ఎంత రాశారు?"

"మీరు పదకొండంటారు."

"ఆయన ఎంతన్నారో అదే రాయండి. ఆ నలభై సెకన్లు కూడా."

ఆ రోజు బండి టైమయ్యేదాకా వాళ్లిద్దరూ ఆ అరుగు మీదే ఉన్నారు. వెళ్లాక నోటు పుస్తకం తీసి, ఇన్నేళ్లుగా పెన్సిలుతో ఉన్న అంకెని సిరాతో దిద్దాను. తెనాలికి రేపల్లె ఇంకా ఆడాల్సింది, ఈ రోజుకి కూడా, పదకొండు నిమిషాల నలభై సెకన్లు.